ఏడు హాలీలకు ఆరు కల్దార్లు

నిక్షేపమును దాచుట కంటె దానిని దాచదగిన తావు నెన్నుకొనుట కష్టతరమైన విద్య యని, జియోక్యాషింగ్ అను క్రీడతో కొంత పరిచయమున్న వారెవ్వరైనను అంగీకరింతురు. ఈ క్రీడకు జన్మదినము నిష్కర్షగా తెలియును. ఉపగ్రహ సంకేతములలో పౌరుల వాడుకకు వచ్చు భాగమునందు అమెరికా ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన దోషమును 2000 మే 2వ తేదీన తొలగింపగా, అంతవరకు నూరు మీటర్ల మేర తడబడుచుండిన జీపీఎస్ యంత్రము ఒక్కనాటిలో చెట్టు మొదలును చూపగల స్థితికి వచ్చెను. ఆ మరునాడే డేవ్ అల్మర్ అను నతడు ఆరిగన్ రాష్ట్రమున ఒక బకెట్టులో కొన్ని వస్తువుల నుంచి, అడవిలో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు వెల్లడించెను. దొరికించుకొన్నవాడు లోపలి లాగ్ షీటు మీద పేరును తేదీని వ్రాసి, క్యాష్ అనబడు ఆ పెట్టెను యథాస్థానమున నుంచి పోవలెను. ఆట యింతే.

ఒక చోట లభించిన జవాబు మరొక చోటికి దారి చూపునట్టి మల్టీక్యాష్ అను భేదము, ఊరి కథ చెప్పదలచిన వారికి మిక్కిలి అనుకూలము. హైదరాబాదు సికింద్రాబాదుల విలీనమును విషయముగా గైకొని నేనట్టి దొకటి కూర్చితిని. జంటనగరములని మనము ఊరక అనుచుందుము గాని, ఆ జంట కుదిరిన తీరు అడిగినచో చెప్పువారు అరుదు. 1798 నాటి సంధి ఫలితముగా వచ్చిన ఆంగ్ల సైన్యము హుసేన్‌సాగరమునకు ఉత్తరమున విడియగా, 1806లో నిజాము సికందర్ జా పేరు దాల్చి, నిజాము రాజ్యమునడుమ నుండియు దొరల ఏలుబడిలో పెరిగి, రైలు వచ్చినపుడు రైలును, గడియారస్తంభము లేచినపుడు గడియారస్తంభమును తనవిగా చేసికొని, 1945లో పురపాలక సంఘమును, 1950లో కార్పొరేషను హోదాను పొంది, ఆ హోదాను పట్టుమని పదియేండ్లనుభవించి, 1960లో హైదరాబాదు కార్పొరేషనులో లీనమైన యూరది. ఇరువైపుల జనులు కోరి కలిసినది కాదు, చట్టము కలిపినది.

చరిత్రను చెప్పబూనిన క్యాష్‌లలో పెక్కింటికి ఒక జబ్బు కలదు. "శిలాఫలకము మీది సంవత్సరమేది?" అని యడుగుదురు. వెదకువాడు ఆ నాలుగంకెలను ఫోనులో ఎక్కించుకొని, ఫలకము మీది తక్కిన యక్షరములను కన్నెత్తియైన చూడక, తరువాతి మజిలీకి పరుగెత్తును. ఇంకను గడుసువాడైనచో ఇల్లు కదలకయే ఆ సంవత్సరమును సంపాదించును. ఇందులో ఊరేది? అతడు మోసికొనిపోయినది అంకెలనే గాని ఊరిని కాదు. ఊరు అతని చేతికి తగులవలెనన్నచో, ఆ కాలమున ఆ త్రోవన నడచిన మనుష్యుడు చేసిన పని నొకదానిని అతనిచేత మరల చేయింపవలె నని నా నిశ్చయము.

అట్టి పని యేదియని ఆలోచింపగా రూపాయి మారకము స్ఫురించినది. నాడు హైదరాబాదులో చెల్లుచుండినది నిజాము హాలీ సిక్కా. సికింద్రాబాదులో చెల్లుచుండినది బ్రిటిషు ప్రభుత్వపు కల్దారు. నూటపదహారు హాలీ రూపాయల పదియణాల ఎనిమిది పైలకు నూరు కల్దార్లు, అనగా ఏడింటికి ఆరు. చెరువుగట్టు దాటి బేరమునకు పోవు గృహస్థు మనస్సులో ఈ గుణకార భాగహారములు నిత్యము నడువవలసి యుండెను. కావున నా క్యాష్‌లో వెదకువాడు నాంపల్లి స్టేషను మజిలీలో లెక్కించిన సంఖ్యను ఏడుచే భాగించి ఆరుచే గుణించినగాని అతనికి సికింద్రాబాదు మజిలీ దొరకదు. అచ్చటినుండి మరలునపుడు ఆరుచే భాగించి ఏడుచే గుణింపవలెను. చెప్పుటకు సులభమే. అమర్చుటలో చిక్కేమనగా, పోవునపుడు లెక్కకు వచ్చు వస్తువులు సరిగా ఏడింటి గుణిజముగను, వచ్చునపుడు ఆరింటి గుణిజముగను ఉండవలెను. అందులకై కిటికీల వరుసలను, కమానులను, ఇనుపకమ్మీలను ఎన్నుచు ఎన్ని సాయంకాలములు గడపితినో! జేమ్స్ స్ట్రీటను పాతపేరు మరచి మహాత్మాగాంధీ రోడ్డైన వీథిలో ఒక చాయ్ బండి కుర్రవాడు నన్ను చాలసేపు గమనించి, "ఏంది సారూ, కమ్మీలు లెక్కవెడుతున్నరు? కార్పొరేషనోళ్లా?" అని యడిగెను. "కాదు తమ్ముడూ, ఒక ఆట కోసం" అంటిని. "లెక్కవెట్టుడు గూడ ఆటనేనా!" అని అతడు పాలగిన్నె వైపు తిరిగెను.

లెక్క తప్పినవానికి శిక్ష భూమి మీదనే కలదు. అక్షాంశపు నిమిషమున వేయవవంతు సుమారు రెండు మీటర్ల నేల. ఒకట్ల స్థానమున ఒకటి తప్పినచో గోడకు ఆ ప్రక్క తడవుకొనును, నూర్ల స్థానమున తప్పినచో నూటయెనుబది మీటర్ల యవతల ఎవరి గుమ్మము ముందో నిలుచును. 120 అడుగుల గడియారస్తంభము వద్ద, 1897లో ఆరంభమైన దాని ముఖములను చూచుచు నిలువబడి ఈ హెచ్చవేత చేయువాడు సావధానుడు కావలెను. ఏమి లెక్కింపవలెనో ఇచ్చట చెప్పను, ఆట చెడును.

చార్మినారును ఏల విడిచితివని కొందరడిగిరి. అది హైదరాబాదునకు తొలి చిహ్నమే గాని, ఈ కలయికలో దానికి పాత్ర స్వల్పము. సాగరమన్ననో, రెండూళ్లకంటె పెద్దది: ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1562లో తవ్వించినది, హైదరాబాదు వెలసినది 1591లో. అందుచే తుది పెట్టెను గట్టు మీదనే పెట్టవలెనని మొదట ఉవ్విళ్లూరితిని. కాని ఆ గట్టు కొసనున్న లుంబినీ పార్కులో 2007 ఆగస్టున బాంబు ప్రేలి జనులు మరణించిన నగరమిది. దిక్కులేని పెట్టెను చూచినంతనే పోలీసులకు చెప్పుడని మైకులో వినిపించు చోట, మన వినోదమునకై ఒక డబ్బాను పొదలో దోపుట అవివేకము మాత్రమే గాదు, అమర్యాద. గట్టునకు దిగువన, నీటిమట్టము కంటె పల్లమున నున్న కవాడిగూడలో ఒక మిత్రుని యింటి ప్రహరీకి, ఆయన యనుమతితో, వీథివైపున, బొటనవ్రేలంత డబ్బాను అయస్కాంతముతో అతికించితిని. పెన్సిలు పట్టదు, ఎవరి కలము వారే తెచ్చుకొనవలెను.

చట్టము కలిపినది నిజమే గాని, కలియనివి కలియకయే యున్నవి, వాని వలన ఎవ్వరికిని నష్టము లేదు. ఆషాఢమున బోనాలు నేటికిని ముందు గోల్కొండకు, పిదప లష్కరుకు, ఆ తరువాత పాతబస్తీలోని లాల్‌దర్వాజకు వరుసగా ఆదివారములను పంచియిచ్చును. కార్పొరేషను ఒక్కటైనదని అమ్మవారు వంతు మార్చుకొనలేదు. సికింద్రాబాదును లష్కరని పిలుచు పెద్దలు ఆ మాటలో దండును నేటికిని మోయుచునే యున్నారు.

ఇటీవల లాగ్ షీటు మీద ఒకరు పేరు క్రింద చిన్న యక్షరములతో ఫిర్యాదు వ్రాసిరి: తాము తిరుమలగిరి వాస్తవ్యులమనియు, దండు కథ చెప్పుచు దండుండిన తమ తావున ఒక్క మజిలీయైన లేకపోవుట అన్యాయమనియు. న్యాయమైన మాటయే. కాని సైనిక స్థలములలో పెట్టెలుంచుట ఈ క్రీడా నియమములకు విరుద్ధము; అదియునుగాక 1960లో కలిసినది సికింద్రాబాదు కార్పొరేషనే గాని కంటోన్మెంటు కాదు, అది తన బోర్డు పాలనలోనే యుండిపోయినది. నా క్యాష్ విలీనమును గూర్చినది గదా; తమరు విలీనమైన నాడు తప్పక మరొక మజిలీ చేర్చెద నని ఆ కాగితపు వెనుకప్రక్క వ్రాసి, డబ్బా మూత బిగించి వచ్చితిని.