ఎవరి బడిపంతులు?

సెప్టెంబర్ 5 వచ్చిందంటే మన పత్రికలకి 'బడిపంతులు' గుర్తొస్తాడు. 1958 నాటి కన్నడ 'స్కూల్ మాస్టర్'కి 1972లో వచ్చిన తెలుగు రూపం ఆ సినిమా. ముసలితనంలో ఎన్టీఆర్, అంజలీదేవిలను కన్నకొడుకులు చెరొక చోటికి విడదీస్తే, ఒకప్పుడు చదువు చెప్పించుకున్నవాడు అండగా నిలుస్తాడు. జనం కళ్లొత్తుకున్నారు.

ఆ పంతులు నుంచి సమాజం కోరిందేమిటి? త్యాగం, నీతి, ఓర్పు. బదులుగా ఇచ్చింది ఓ దండం. 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చే వ్యాసాలన్నీ ఈ బేరాన్నే స్వర్ణయుగం అంటున్నాయి. అసలు 'పంతులు' అనేది నియోగి బ్రాహ్మణుల పేర్ల చివర ఉండే మాట. వీరేశలింగం పంతులు గారున్నారు కదా! మా ఇళ్లలో ఆ మాట లేదు. ఉస్తాద్ అనో, మౌల్సాబ్ అనో అంటాం. 'హడ్డీ హమారీ, చమ్‌డీ ఆప్‌కీ' అని పిల్లాణ్ణి అప్పజెప్పేవాళ్లు. ఎముకలు మావి, తోలు మీది అని. మా నిట్టూర్పుల్లోనూ బెత్తం ఉంది, దాచేదేం లేదు. 2009 విద్యాహక్కు చట్టం కొట్టడాన్ని నిషేధించాక 'భయం పోయింది, చదువు పోయింది' అనే మాట మసీదు ముందూ వినిపిస్తుంది, రచ్చబండ దగ్గరా వినిపిస్తుంది.

ఉర్దూ టీచర్ కథ వేరు. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైందే ఉర్దూ మాధ్యమంతో. కొలువు కావాలంటే ఏ మతంవాడైనా ఉర్దూ ఉస్తాద్ దగ్గరికే పోవాలి. తెలుగు అయ్యవారిని కోరింది మాత్రం ఇంటిభాష పోకుండా చూడమని. 1948 తర్వాత, 1956 తర్వాత మరీ, ఈ రెండు కుర్చీలూ తారుమారయ్యాయి. కొలువిప్పించే పని తెలుగు, ఇంగ్లీషు టీచర్లకి పోయింది. భాషను బతికించే బరువు ఉర్దూ టీచర్ నెత్తిన పడింది. మొదటి బాధ తెలుగు చరిత్రకెక్కింది. రెండోది ఎందుకెక్కదు? ఒక భాషకి జరిగితే అన్యాయం, ఇంకోదానికి జరిగితే కాలధర్మమా?

ఆ బరువు మోసేవాళ్లూ సరిపడా లేరు. ఉర్దూ మీడియం పోస్టుల్లో రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి ఉర్దూ వచ్చిన అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగులుతూ వచ్చాయి. తప్పు దళితులది కాదు, రిజర్వేషన్లది అంతకంటే కాదు. ఉర్దూ తురకల భాష అని గోడ కట్టినవాళ్లది. ఆ గోడకి ఇటువైపు నుంచి ఇటుకలందించిన మావాళ్లూ ఉన్నారు.

మన తెరకి ముస్లిం పిల్లాడంటే మదర్సాయే. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలో చదివేది సుమారు 4 శాతమేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మిగతా పిల్లల టీచర్ని ఏ కెమెరా చూసింది?

ఇక ఇప్పుడు. కార్పొరేట్ బడిలో టీచర్ని ర్యాంకులడుగుతారు. సర్కారు టీచర్ని అడగనిదేముంది! ఎన్నికలు, జనగణన సరే. 2020 మేలో విశాఖపట్నం జిల్లాలో మద్యం షాపుల ముందు వరసలు సరిచేసే పని కూడా టీచర్లకే పడింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల హాజరుకి ముఖం చూసే యాప్ వచ్చింది. నీతి అడిగిన కాలం పోయి నిఘా కాలం వచ్చింది. రెండు కాలాల్లోనూ పంతులు మాట వినే నాథుడు లేడు.

ఈ రోజు 'బడిపంతులు' తీసేవాళ్లు పాతబస్తీ గల్లీలో చిన్న ప్రైవేటు బడికి వెళ్లాలి. ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషులో పాఠం చెప్పాల్సొచ్చిన ఓ అమ్మాయి అక్కడ ఉంటుంది. పిల్లల తల్లులు ఆమెను ఇంగ్లీషు అడుగుతారు, నానీలు అలీఫ్ బే అడుగుతారు, యాజమాన్యం ఫీజు బకాయిలు అడుగుతుంది. జీతం ఎంతిస్తున్నారమ్మా అని అడిగే పాత్ర ఒక్కటైనా ఆ కథలో ఉండాలి.