దూరానికి తూకం

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎందుకు లేదు? తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట ఈ మాట రాకుండా పోదు. ఢిల్లీలోని మా బేర్ సరాయ్‌లో మరీ ఎక్కువ. ఒకపక్క జేఎన్‌యూ, కాస్త అవతల ఐఐటీ, నడుమ సివిల్స్‌కు చదివే పిల్లల అద్దె గదులు, పుస్తకాల కొట్లు, జిరాక్స్ షాపులు. ఎయిర్‌పోర్టు ఎంతో దూరం కాదు. డాబా ఎక్కితే విమానాల రాకపోకలు కనబడుతూనే ఉంటాయి. వాటిని చూసి ఎవరో ఒకరు అడుగుతారు: "మన దగ్గర్నుంచి ఎందుకు వెయ్యరన్నా? జనం లేరా?"

జనం ఉన్నారు. అందులో సందేహమే లేదు. అయినా జనం ఉన్నంత మాత్రాన దారి పడదు. విమానాల రూట్ల గురించి చదవడం, పటం మీద పెన్సిల్‌తో గీసి లెక్క చూసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. చూసేకొద్దీ ఆ రూట్లు వేసేవాళ్ల మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. దూరం పోయే విమానాన్ని ఎంచుకోవడమన్నా, దానికి దారి వేయడమన్నా, ఏం మోసుకెళ్లాలి, ఏం వదిలేయాలి అని తేల్చుకోవడమే.

ముందు దూరం సంగతి. ఇక్కడి కొట్లలో జాగ్రఫీ వాళ్ల కోసం ఖాళీ ప్రపంచ పటాలు దొరుకుతాయి. ఆ పటం మీద హైదరాబాద్ నుంచి షికాగోకు గీత గీయమంటే ఎవరైనా అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమటికి గీస్తారు. మొన్నొక కుర్రాడు అలాగే గీశాడు. కొట్లో గ్లోబు ఉంది. నోట్సు కట్టలకు చుట్టే పురికొస ముక్క తీసుకుని ఒక కొసను హైదరాబాద్ మీద, రెండోదాన్ని షికాగో మీద పెట్టి బిగించి లాగమన్నాను. పురికొస నేరుగా ఉత్తరానికి లేచింది. ఢిల్లీకి కాస్త పడమరగా, కాశ్మీర్ వైపుగా, మధ్య ఆసియా దాటి రష్యా మీదుగా ఉత్తర ధ్రువానికి చేరువగా పోయి, కెనడా మీదుగా కిందికి దిగింది. కుర్రాడు వేలితో ఢిల్లీని తాకి, "అంటే ఢిల్లీ దారిలోనే ఉంది కదన్నా!" అన్నాడు. అవును. ఢిల్లీ నుంచి షికాగో సుమారు 12,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి 13,300. దక్కను నుంచి ఢిల్లీ దాకా ఉన్న దూరమంతా అదనపు భారమే.

13,300 కిలోమీటర్లు ఎగరగల విమానాలు లేకపోలేదు. 2005 నవంబర్‌లో బోయింగ్ 777-200ఎల్‌ఆర్ హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా బయల్దేరి ఎక్కడా ఆగకుండా లండన్ చేరింది. 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు. కానీ అందులో ఉన్నది 35 మందే. వందల సీట్లు పట్టే విమానం అంత దూరం పోయిందంటే దాదాపు ఖాళీగా పోవడం వల్లే.

ఆ విమానం లేచేటప్పుడు గరిష్ఠంగా 347 టన్నులు ఉండొచ్చు. ట్యాంకులు పూర్తిగా నింపితే ఇంధనమే 145 టన్నుల దాకా తూగుతుంది. సామానుతో కలిపి మనిషికి వంద కిలోలు వేసుకున్నా, అందులో ఎక్కే 238 మంది బరువు 24 టన్నులు దాటదు. అంటే మనుషుల కంటే వాళ్లను తీసుకెళ్లే ఇంధనం ఎన్నో రెట్లు బరువు. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం. పదిహేను గంటల ప్రయాణంలో ఒక టన్ను అదనంగా ఎక్కిస్తే, దాన్ని మోయడానికే టన్నులో మూడో వంతుకు పైగా కాలిపోతుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ఖరీదు పెరుగుతుంది.

దానికి తోడు ఊరి ఎత్తు, ఎండ. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. వేసవి మధ్యాహ్నం గాలి పలచబడితే రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది. అదే బరువుతో లేవాలంటే ఇంకా పొడవైన రన్‌వే కావాలి. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, కాబట్టి ఇబ్బంది కొంత తగ్గుతుంది. అయినా లెక్క కుదరని రోజున ముందు దించేది కార్గోను, తర్వాత ఖాళీగా ఉంచేది సీట్లను. హైదరాబాద్ నుంచి పోయే మందుల పెట్టెలు మంచి కిరాయి తెచ్చే సరుకు. వాటిని దించేస్తే ఆ ట్రిప్పు లాభం కూడా వాటితోనే దిగిపోతుంది.

ఈ తూకంలో గాలికీ వాటా ఉంది. ఎయిరిండియా 2015 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా సర్వీసు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో దాన్ని పసిఫిక్ మీదుగా తిప్పింది. కొత్త దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎక్కువ, దాదాపు 15,300 కిలోమీటర్లు. అయినా పధ్నాలుగున్నర గంటల్లో చేరింది. ఎదురుగాలి తప్పి వెనకగాలి దొరికింది మరి. ఇలా చుట్టుదారిలో దగ్గరతనం చూడగలిగిన మనిషి చేతిపనిని నేను ఏ మంచి కళాకారుడి పనికీ తక్కువగా చూడను.

ఇక విమానాల ఎంపిక. ఒక్కసారి కొంటే ఇరవై ఏళ్లకు పైగా దానితో బతకాలి. 2006లో ఎయిరిండియా 68 బోయింగ్ విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. అందులో ఎనిమిది 777-200ఎల్‌ఆర్‌లు. 2007 ఆగస్టులో ముంబై–న్యూయార్క్ నాన్‌స్టాప్ వాటితోనే మొదలైంది. 2008 జూలైలో ముడిచమురు బ్యారెల్ 147 డాలర్లు తాకింది. బరువైన ఇంధనమే ఖరీదైనదీ అయిపోయింది. చివరకు ఎనిమిదిలో ఐదింటిని ఎతిహాద్‌కు అమ్మేశారు. మిగిలిన మూడింటితోనే శాన్‌ఫ్రాన్సిస్కో రూట్ నడిచింది. 2021 జనవరిలో బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో తొలి సర్వీసును ధ్రువం మీదుగా మహిళా పైలట్లే నడిపారు. కెప్టెన్ జోయా అగర్వాల్ జట్టులో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. అదే నెల 15న హైదరాబాద్–షికాగో మొదలైంది, వారానికి ఒక్కసారి. తెలుగు నేల నుంచి అమెరికాకు వేసిన తొలి నాన్‌స్టాప్ అది. ఎక్కువ కాలం నిలవలేదు.

ఎందుకు నిలవలేదని నిందలు వెతకడం కంటే వారానికి ఒక్కటి అన్నమాట దగ్గర ఆగాలి. మనవాళ్లు అమెరికాలో ఒక్క ఊళ్లో లేరు. డల్లాస్, న్యూజెర్సీ, అట్లాంటా, బే ఏరియా, షికాగో, అన్నిచోట్లా చెదిరి ఉన్నారు. షికాగోలో దిగినవాడు డల్లాస్‌కు మళ్లీ ఇంకో విమానం ఎక్కాలి. ఎలాగూ ఒకచోట మారాల్సిందే అయినప్పుడు దుబాయ్‌లోనో దోహాలోనో మారతాడు. అక్కడి నుంచి అతని ఊరికి రోజూ విమానం ఉంటుంది. గల్ఫ్ ఎయిర్‌లైన్లు పది దేశాల ప్రయాణికులను ఒకచోట పోగు చేసి ఒక్కో విమానం నింపుతాయి. హైదరాబాద్ ఒంటరిగా నింపాలి. పైగా మన పిల్లలు ఆగస్టులో, జనవరిలో వెళ్తారు, రెండు పెద్ద పెట్టెలతో, దొరికిన చౌక టికెట్టుతో. తల్లిదండ్రులు వేసవిలో వెళ్లి శీతాకాలం రాకముందే తిరిగొస్తారు. వెళ్లేటప్పుడు నిండిన విమానం వచ్చేటప్పుడు సగం ఖాళీ. రద్దీ లేని ఫిబ్రవరిలో ఎవరెక్కుతారో చెప్పగలిగితేనే ప్లానర్ రూట్ వేస్తాడు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇదే చిక్కును విడదీసుకుంది. 2018లో సింగపూర్ నుంచి న్యూయార్క్ ప్రాంతానికి తిరిగి నాన్‌స్టాప్ వేసినప్పుడు ఎయిర్‌బస్ ఎ350-900యూఎల్‌ఆర్‌లో 161 సీట్లే పెట్టింది. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. ఎకానమీ ఒక్కటీ లేదు. వాళ్లు వదిలేసింది చౌక టికెట్టు ప్రయాణికుణ్ణి. ఆ లెక్క వాళ్లకు సరిపోయింది. మనవాళ్లలో ఎక్కువమందికి సరిపోదు.

దారిలో దేశాలు కూడా ఉంటాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మన ఎయిర్‌లైన్లకు గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు వియన్నాలో ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. ఆ సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసే ఆగింది. లోపల కొత్తగా తీర్చడానికి బోయింగ్ 787లను షెడ్డుకు పంపడంతో విమానాలు చాలకపోవడం, చుట్టుదారి భారం, రెండూ కలిసి వచ్చాయని కంపెనీ చెప్పింది. ఢిల్లీకే అలా అయితే, మరో వెయ్యికి పైగా కిలోమీటర్లు వెనక ఉన్న హైదరాబాద్ సంగతి వేరే చెప్పాలా?

అయినా ఆశ వదులుకోవాల్సిన పని లేదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా ప్రకటించిన 470 విమానాల్లో 40 ఎ350లు ఉన్నాయి. తేలికైన కార్బన్ ఫైబర్ ఒళ్లు, తక్కువ తాగే ఇంజిన్లు. ఇండిగో కూడా ఎ350లకు ఆర్డర్ ఇచ్చింది. పాత 777లు ఎక్కువ ఇంధనం కాల్చి చేరిన హైదరాబాద్–షికాగో దూరాన్ని ఇవి తక్కువతో చేరగలవు.

ఇంగ్లిష్ రాని అమ్మలు, మోకాళ్ల నొప్పులతో తెలియని దేశంలో గేటు నుంచి గేటుకు నడిచే నాన్నలు, వాళ్ల కోసం నేను ఈ రూట్‌ను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అయితే ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్ చేసే వారానికొక్క విమానం కావాలని అడగొద్దు. ప్రయాణం తేదీ మారితే మరో వారం ఆగాల్సిన సర్వీసును ఎవరూ నమ్ముకోరు. నమ్మకం లేనిచోట సీట్లు నిండవు. రోజూ వేయండి అని అడగాలి. మందుల కంపెనీలు ఏడాది పొడవునా కార్గో ఇస్తామని ముందే చెప్పాలి. ఆఫీసు పని మీద వెళ్లేవాళ్ల టికెట్లు ఆ విమానంలోనే కొంటామని ఐటీ కంపెనీలు ఒప్పుకోవాలి. ఫిబ్రవరి సీట్లకు పూచీ దొరికిన రోజున, మన తరఫున వేరే సిఫారసు అక్కర్లేదు.