అపవాది: పేరా, పాత్రా?

తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో దైవవిరోధిని సూచించే పదాలు ప్రధానంగా రెండు: సాతాను, అపవాది. ప్రసంగాలలో ఇవి పర్యాయపదాలుగానే చెల్లుతున్నాయి. కానీ మొదటిది హీబ్రూ పదానికి లిప్యంతరీకరణం, రెండవది అనువాదం. ఈ భేదాన్ని ఉపేక్షించినప్పుడే ఆ పాత్రను అసురులతో జతకట్టే పోలికకు అవకాశం ఏర్పడుతుంది. బైబిలు సొసైటీ ప్రచురిస్తున్న పాత అనువాదంలోని ప్రయోగాలను పరిశీలిస్తే ఆ పోలిక ఎంత బలహీనమో తెలుస్తుంది.

హీబ్రూలో 'సాతాన్' మొదట వ్యక్తినామం కాదు. అడ్డుపడేవాడు, ఎదిరి, అభియోగం మోపేవాడు అనే అర్థాలు గల సామాన్య నామం. సంఖ్యాకాండం 22:22లో బిలాము దారికి అడ్డంగా నిలిచిన దేవదూతకే ఈ పదం వర్తించింది. 1 సమూయేలు 29:4లో ఫిలిష్తీయ సర్దారులు దావీదు యుద్ధంలో తమకు 'సాతాన్' అవుతాడేమోనని శంకిస్తారు. తెలుగు అనువాదకులు రెండు చోట్లా 'విరోధి' అన్నారు. సందర్భానికి అది ఉచితమే. అయితే దేవదూతకూ దావీదుకూ వాడిన మాటే యోబును పరీక్షించినవాడికీ వాడారన్న సంగతి తెలుగు పాఠకునికి మరుగైపోయింది.

యోబు గ్రంథంలో ఆ పదానికి ముందు హీబ్రూ నిశ్చయార్థక ఉపపదం ఉంది. వ్యక్తినామానికి ఆ భాషలో సాధారణంగా ఉపపదం చేరదు. కనుక అది పేరు కాదు, దైవసభలో ఒక బాధ్యత. తెలుగులో అటువంటి ఉపపదం లేదు. అయినా 1:6లో 'అపవాది యగువాడు' అని అనువాదకులు ఆ లోటును చక్కగా పూరించారు. దురదృష్టవశాత్తు మరుసటి వచనంలోనే 'అగువాడు' జారిపోయి వట్టి 'అపవాది' మిగిలింది. అక్కడి నుంచి చదివేవారికి అది పేరే.

జెకర్యా 3:1లోనూ అదే ఉపపదం ఉంది. అక్కడ మాత్రం పేరుగా 'సాతాను' అని ఉంచి, అతని పనిని 'ఫిర్యాది' అనే మాటతో చెప్పారు. పారశీకం నుంచి వచ్చి కచేరీ భాషలో స్థిరపడిన పదమిది. ప్రధాన యాజకుడు దూత ఎదుట ముద్దాయిలా నిలిచి ఉండగా కుడిపక్కన అభియోక్త నిలుస్తాడు. ఈ న్యాయసభకు అంతకన్న తగిన తెలుగు మాట దొరకదు. యోబు కథకూ ఇదే సరిపోయేదని నా అభిప్రాయం. అసురుడు దేవతలతో యుద్ధం చేస్తాడు, స్వర్గాన్ని ఆక్రమిస్తాడు. యోబు కథలోని అభియోక్త సభకు వస్తాడు, ప్రశ్నిస్తాడు, అనుమతి పొంది దాని హద్దులోనే పని చేస్తాడు. యోబు భక్తి నిష్కామమా అన్న అతని ప్రశ్న మీదనే కావ్యమంతా నడుస్తుంది. దాన్ని అబద్ధమని ముందే కొట్టివేస్తే కావ్యానికి పునాదే ఉండదు.

'అపవాది' చేసే కీడు అదే. ఈ పదం వెనుక ఉన్నది హీబ్రూ కన్న గ్రీకు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో మొదలైన సెప్టువజింట్ అనువాదం యోబులో 'దియాబొలొస్' అన్నది. కొండెములు చెప్పేవాడని దాని అర్థం. అప+వద్ ధాతువు నుంచి వచ్చిన 'అపవాది' దానికి సరైన ప్రతిబింబమే. వ్యాకరణంలో అపవాదమంటే సామాన్య సూత్రాన్ని బాధించే విశేషం. అందులో అసత్యమనే ఛాయ లేదు. లోకవ్యవహారంలో మాత్రం అపవాదు అంటే లేని నింద. ఆ అర్థంతో చదివే తెలుగు పాఠకుడు, యోబులో అభియోక్త నోరు విప్పకముందే అతన్ని అబద్ధికునిగా తీర్మానించుకుంటాడు.

కొత్త నిబంధనకు వస్తే 'అపవాది' ఔచిత్యం తిరుగులేనిది. అక్కడ చిక్కు వేరు. 'దియాబొలొస్' బహువచనంలో సామాన్య మానవులకూ వర్తిస్తుంది. 2 తిమోతి 3:3లో మనుష్యులను గురించి చెప్పినప్పుడు అనువాదకులు 'అపవాదకులు' అని మూలపదంతో బంధుత్వాన్ని నిలిపారు. తీతు 2:3లో అదే పదం వృద్ధస్త్రీలకు వర్తించగానే 'కొండెకత్తెలు' అయింది. జాతీయం సొగసైనదే. కానీ వీధి అరుగు మీది మాటకూ ప్రకటన గ్రంథంలోని ఘటసర్పానికీ గ్రీకులో ఒకే పేరు ఉందన్న భయంకరమైన సంగతి ఆ సొగసులో కరిగిపోయింది. స్త్రీల నిందను చిల్లర తగవుగా చూసే మన అలవాటు అనువాదకుని కలంలోనూ పనిచేసిందనుకోవడం అసంగతం కాదు.