చీపురు పట్టిన చెయ్యి మన విమర్శలో ఎక్కడ?

పలమనేరులో మా వీధి తెల్లవారకముందే చీపురు చప్పుడుతో నిద్ర లేచేది. ఊడ్చే ఆవిడ మా ఇంటి ముందుకు వచ్చేసరికి అమ్మ టీ పెట్టి ఉంచేది. ఆ టీ పోసే గ్లాసు మాత్రం వంటింట్లో ఉండేది కాదు. ప్రహరీగోడ మీద బోర్లించి ఉండేది. ఆవిడ తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి వెళ్లేది. ఆ గ్లాసును చూస్తూనే నేను ఎం.ఏ. చదివాను, పిహెచ్.డి. చేశాను. ఏనాడూ దాని గురించి అమ్మను ఒక్క మాట అడగలేదు.

డాక్టరేట్ వచ్చిందని వీధిలో స్వీట్లు పంచుతూ ఆవిడకూ ఇచ్చాను. "దేన్ని గురించి రాసినావు పాపా?" అని అడిగింది. "నవలల్లో మీ పని చేసేవాళ్ల గురించి అక్కా" అన్నాను, కాస్త గర్వంగానే. "ఆ కతల్లో ఆడోళ్లు ఉండారా?" అంది. ఉన్నారని చెప్పబోయి ఆగిపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను బాకీపడిన జవాబు.

నా పరిశోధనలో ప్రధానమైనవి రెండు నవలలు. ఒకటి ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో ఇంగ్లీషులో రాసిన 'అన్‌టచబుల్'. రెండోది తకళి శివశంకర పిళ్లై 1947లో మలయాళంలో రాసిన 'తోట్టియుడె మకన్'. బఖా ఒక రోజు జీవితం మొదటిది. అలెప్పీ పట్టణంలో పాకీపని చేసే మూడు తరాల కథ రెండోది. రెండింటిలోనూ బాధపడేది, ఆలోచించేది, తిరగబడేది మగవాడు.

బఖా చెల్లెలు సోహిని ఉంది కదా అంటారు. ఉంది. బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేక, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని కుండతో గట్టు కింద కూర్చుని ఉంటుంది. తన కన్నా ఒక మెట్టు పైనున్న చాకలి స్త్రీ గులాబో చేత తిట్లు తింటుంది. నీళ్లు పోసిన పూజారే ఆమెను పనికి పిలిచి చెయ్యి వేస్తాడు. ఆమె అరిస్తే, అంటుకుని మైలపరిచిందని తానే కేకలు పెడతాడు. కులమూ పితృస్వామ్యమూ ఒకే చేతితో ఎలా పనిచేస్తాయో ఇంత సూటిగా చూపిన ఘట్టాలు తక్కువ. అయితే ఆ వెంటనే సోహిని ఇంటికి వెళ్లిపోతుంది. అవమానం ఆమెది, దాని మీద ఆవేశం అన్నది. ఆ తర్వాత నవల బఖా వెంట నడుస్తుంది. నా సిద్ధాంత గ్రంథమూ అతని వెంటే నడిచింది. సోహినికి నేనిచ్చింది ఒక్క పేరా.

నవల చివర్లో బఖాకు మూడు దారులు కనిపిస్తాయి: క్రైస్తవం, గాంధీ, నీళ్లతో శుభ్రమయ్యే మరుగుదొడ్డి. యంత్రం వస్తే ఈ పనీ పోతుంది, దానితోపాటు మచ్చా పోతుందని ఒక కవి పాత్ర చెబుతుంది. ఈ ఆశ మన పురపాలక సంఘాలకూ బాగా నచ్చింది. సమస్య మురికిదే అనుకుంటే యంత్రాలు, వాహనాలు, చేతితొడుగులు సరిపోతాయి. సమస్య కులానిది అనుకుంటే, ఆ పని ఎవరు చేస్తున్నారు, వాళ్ల పిల్లలు ఏం చేస్తున్నారు అని అడగాలి. యంత్రాలు వచ్చాక కూడా మ్యాన్‌హోళ్లలోకి దిగి చనిపోతున్నది ఆ కులాల మగవాళ్లే. మా వీధి ఊడుస్తున్నది ఆ కులాల ఆడవాళ్లే.

ఈ విషయంలో తకళి చూపు ఇంకా పదునైనది. కొడుకు ఈ పనిలోకి రాకూడదని కలలు గన్న చుడలముత్తు, పురపాలక పెద్దల ప్రాపకం కోసం తన తోటివాళ్ల సంఘాన్నే చీలుస్తాడు. ఒకడికి మంచి చేసినట్టు కనిపిస్తూ అందర్నీ విడదీసే యజమానిగా మునిసిపాలిటీని చూపిన నవల ఇది. సంస్కర్త, యజమాని ఒకరే అయినప్పుడు ఆ సంస్కారం ఎంతదూరం పోతుంది?

మన చట్టం ఈ చిక్కును అలాగే ఉంచింది. 1993లో వచ్చిన నిషేధ చట్టం పెద్దగా అమలు కాలేదు. 2013 చట్టం పాకీపని చేసేవాళ్లను గుర్తించే సర్వే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. ఇంటికి సాయం, పిల్లలకు ఉపకార వేతనం, కుటుంబంలో ఒకరికి వేరే పనిలో శిక్షణ ఇవ్వాలంది. అంటే లెక్కపెట్టాల్సినవాళ్లూ, లెక్క తేలితే తప్పు ఒప్పుకోవాల్సినవాళ్లూ చాలాచోట్ల ఒకరే. 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సభల్లో దళితులకూ స్త్రీలకూ స్థానాలు ఇచ్చింది. అది చిన్న విజయం కాదు. మా పక్కనున్న కుప్పం మునిసిపాలిటీకి 2021లో జరిగిన తొలి ఎన్నికల్లోనూ ఆ రిజర్వేషన్లు ఉన్నాయి. కానీ దళిత స్త్రీ సభలో కుర్చీలో కూర్చున్న రోజున కూడా, బయట చీపురు పట్టుకున్నది దళిత స్త్రీయే అయితే, చేర్చుకోవడం అనే మాటకు అర్థమేమిటి? 2023 డిసెంబరు చివర మొదలై 2024 జనవరి దాకా సాగిన ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికుల సమ్మెలో అడిగింది సన్మానాలు కాదు, సమాన పనికి సమాన వేతనం.

సోహిని ఆగిపోయిన చోట మొదలయ్యే పుస్తకం నాకు ఆలస్యంగా దొరికింది. భాషా సింగ్ హిందీలో రాసిన 'అదృశ్య భారత్'ను కె. సజయ 'అశుద్ధ భారత్'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఇది నవల కాదు. రచయిత్రి ఊరూరా తిరిగి, ఈ పని చేసే స్త్రీలతో మాట్లాడి రాసినది. ఇందులో వాళ్లు ఎవరి చెల్లెళ్లుగానో కాక తమంతట తాముగా కనిపిస్తారు. వాళ్ల వెనకాల సఫాయి కర్మచారీ ఆందోళన్ ఉంది. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ పుట్టింది మా కుప్పానికి ఆవలి కోలారు బంగారు గనుల్లో, పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో. పక్కనే ఉన్న ఈ చరిత్ర నా గ్రంథంలో అధోజ్ఞాపికగా కూడా లేదు.

ఆ ఉద్యమం వేసిన కేసులోనే, 1993 నుంచి మురుగుకాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో మరో కేసులో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. ఆ డబ్బు కోసం కాగితాలు పట్టుకుని తిరగాల్సింది మళ్లీ ఆ ఇంటి ఆడవాళ్లే. మన నవలలు చావు దగ్గర ముగుస్తాయి. స్త్రీల కథ ఆ చావు తర్వాత మొదలవుతుంది.

ఇదంతా చదివాక ఒక పొద్దున ఆ గ్లాసును లోపలికి తెచ్చేశాను. అమ్మ ఏమీ అనలేదు. మా కప్పులోనే టీ పోసి ఆవిడకు ఇచ్చాను. తాగి నవ్వింది. "గలాసు మారిస్తే మా పాపకు ఇంకో పని దొరుకుతాదా?" అంది. ఆవిడ కూతురు డిగ్రీ చదివిందట. ఈమధ్య తల్లికి బాగాలేని రోజుల్లో చీపురు పట్టుకుని వస్తున్నది ఆ అమ్మాయే.

నా గ్రంథాన్ని పుస్తకంగా తేవాలని ఒకరు అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు ఇవ్వడం లేదు. బావి గట్టు దగ్గర్నుంచి, సోహిని దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టి రాస్తున్నాను.