రూస్‌లెండర్లు: ఏ హింస, ఎవరి హింస?

శాండ్రా బర్డ్‌సెల్ నవల ‘ది రూస్‌లెండర్’ను (2001) కమ్యూనిస్టు పాలనలో క్రైస్తవులు పడ్డ హింసకు సాక్ష్యంగా చదవడం సులువు. నవల అంత సులువుగా లొంగదు. కథ 1910లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒక సంపన్న మెన్నొనైట్ ఎస్టేటులో మొదలవుతుంది. ఆయుధం పట్టడం పాపమని నమ్మే ఆ భక్తుల సంపద చుట్టుపక్కల పేదరైతుల కష్టం మీద నిలిచినదే. ఎస్టేటు వ్యవహారాలు చూసే ఉద్యోగి కూతురు కాత్యా 1917లో తల్లిదండ్రులను పోగొట్టుకుంటుంది. చంపినవాళ్ళు ప్రభుత్వ సైనికులు కారు. రాజ్యం కుప్పకూలిన వేళ ఆ ఎస్టేటు మీద కత్తి కట్టిన ముఠా. ఈ తేడాను బర్డ్‌సెల్ చెరిపివేయదు. పగకు మూలం చూపిస్తుంది, హత్యను మాత్రం సమర్థించదు. అయితే ఆ పనివాళ్ళు మనకు కాత్యా కళ్ళతోనే కనిపిస్తారు. నవలకున్న పరిమితి అదే.

రాజ్యం చేసిన మతహింస తీరు వేరు. 1929 ఏప్రిల్ చట్టం ప్రకారం మతసంఘాలు పిల్లలకు మతపాఠాలు చెప్పకూడదు, పేదలకు సాయం చేయకూడదు. బోధకులకు ఓటుహక్కు లేదు, రేషన్ కార్డు లేదు. కాయితాల మీద సాగే ఇలాంటి హింస కథల్లోకి తేలిగ్గా ఎక్కదు. ఆ ఏడాది చివర్లో దేశం విడిచే అనుమతి కోసం సుమారు 13 వేలమంది, ఎక్కువగా మెన్నొనైట్లు, మాస్కో శివార్లకు చేరారు. సగానికి తక్కువమందే బయటపడ్డారు. మిగిలినవారిని రైళ్ళలో వెనక్కి పంపారు. రూస్‌లెండర్లని పేరుపడ్డ వలసదారుల్లో చాలామంది అప్పటికే కెనడా చేరారు. మా కేంబ్రిడ్జ్ పక్కనే ఉన్న వాటర్లూలో 1924లో దిగినవారిని స్థానిక మెన్నొనైట్లు తమ ఇళ్ళలో ఉంచుకున్నారు. మతం ఒకటే గాని ఇంటి భాష వేరు: వీరిది పెన్సిల్వేనియా జర్మన్, వారిది ప్లౌట్‌డీచ్.

విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో మాస్కో ప్రచురణలు కొనుక్కుని చదివిన నా తరానికి ఈ కథ చేరలేదు. చేరడానికి దారి లేకపోలేదు. అదే దక్షిణ రష్యా మెన్నొనైట్ల నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో తెలుగునేలకు వచ్చి, మరుసటి ఏడు నల్లగొండలో మిషన్ మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళ చందాలు నల్లగొండకు వచ్చేవి. తరవాత అదే నల్లగొండ దేశ్‌ముఖుల మీద సాయుధపోరాటానికి కేంద్రమయింది. కాత్యా తండ్రి పనిచేసిన ఎస్టేటు ఎలాంటిదో తెలుగు పాఠకుడికి వివరించనక్కరలేదు. విప్లవం తరవాత రష్యా నుంచి చందాలు ఆగిపోయాయి. చందాలిచ్చినవారి కొడుకులూ కూతుళ్ళూ కొందరు ఇక్కడ, మా పక్క ఊళ్ళలో, పరాయి వంటింట్లో కూర్చుని కొత్త భాష నేర్చుకున్నారు.