ఇల్లు కూలినా నిలిచిన కాపురం: బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ – ఒక పరిశీలన

గృహజీవితాన్ని చిత్రించిన మూకీ ప్రహసనాలలో నవ్వుకు ఆధారం తరచుగా ఇంటిలోని మనుషుల మధ్య ఘర్షణే. హెరాల్డ్ లాయిడ్ నటించిన ‘హాట్ వాటర్’ (1924)లో కథానాయకుని అవస్థలకు అత్తింటివారే కారకులు. అంతకు నాలుగేళ్ల ముందే బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ (1920)లో వేరొక మార్గం అనుసరించాడు. ఎడ్వర్డ్ క్లైన్‌తో కలిసి అతడు దర్శకత్వం వహించిన ఈ రెండు రీళ్ల చిత్రంలో నవదంపతులకు ఎదురు నిలిచేది ఇల్లే.

వధూవరులకు పెళ్లి కానుకగా ఒక స్థలం, విడిభాగాలుగా పెట్టెలలో సర్దిన ఒక ఇల్లు లభిస్తాయి. వధువు తిరస్కరించిన వ్యక్తి ఆ పెట్టెల మీది అంకెలను రహస్యంగా మారుస్తాడు. సూచనలను తు.చ. తప్పక పాటించిన వరుని చేతిలో ఇల్లు వికృతరూపం దాలుస్తుంది. ప్రత్యర్థి పగ ఇక్కడ నిమిత్తమాత్రం. గృహనిర్మాణం అంకెల వరుసగా కుదించుకుపోవడం వల్లనే ఆ పగ ఫలించింది. సియర్స్ రోబక్ సంస్థ 1908 నుంచి కేటలాగు ద్వారా ఇళ్లను విక్రయిస్తున్న అమెరికాలో ఇది కేవలం కల్పన కాదు; నాటి ప్రేక్షకులు ఎరిగిన వ్యాపారమే.

మనిషిలోని యాంత్రికతే హాస్యహేతువని బెర్గ్‌సన్ 1900లో ప్రతిపాదించాడు. సూచనలకు కట్టుబడిన వరుని ప్రవర్తనకు ఈ సూత్రం చక్కగా అన్వయిస్తుంది. అయితే చిత్రంలోని ఆత్మీయతను అది వివరించలేదు. ఇల్లు వంకరపోతున్నకొద్దీ దంపతుల మధ్య నింద పెరగదు. సిబిల్ సీలీ పోషించిన వధువు ఆ ఇంటి గోడ మీదనే హృదయ చిహ్నాలు గీస్తుంది. స్నానఘట్టంలో ఆమె చేజారిన సబ్బును అందుకోబోయే ముందు ఒక చేయి వచ్చి కెమెరా కంటిని మూసివేస్తుంది. చమత్కారంగా కనిపించే ఈ దృశ్యానికి లోతైన అర్థముంది. గోడలు ఇవ్వలేని మరుగును ఆ చేయి ఇస్తుంది. ఇంటి ఏకాంతానికి హద్దు గీసి, ప్రేక్షకుణ్ణి బయట నిలుపుతుంది.

గృహప్రవేశపు విందునాడు గాలివానకు ఇల్లు గిర్రున తిరుగుతుంది. తీరా అది కట్టిన స్థలమే తమది కాదని తేలుతుంది. పట్టాల మీదుగా తరలిస్తుండగా ఒక రైలు పక్క పట్టాల మీద దాటిపోతుంది. ఊపిరి పీల్చుకునేలోగా ఎదురుదిశ నుంచి వచ్చిన మరో రైలు ఇంటిని తుత్తునియలు చేస్తుంది. వరుడు ఆ శిథిలాల వద్ద అమ్మకపు పలక నిలిపి, దానికి నిర్మాణ సూచనలను జతచేస్తాడు. ఇద్దరూ చేయీచేయీ పట్టుకొని వెళ్లిపోతారు.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెత ఆ రెండింటినీ సమాన కష్టాలుగా లెక్కిస్తుంది. ‘వన్ వీక్’ వాటిని వేరుచేసి చూపుతుంది. ఇల్లు కొనదగిన, మళ్లీ అమ్మదగిన సరుకు. కాపురానికి అంకెలు వేసిన పెట్టెలు లేవు. ఈ చిత్రాన్ని యాంత్రిక విన్యాసాల హాస్యంగా మాత్రమే పరిగణిస్తే, దాని గృహజీవిత విమర్శ మరుగున పడుతుంది.