వెండితెరపై చాదస్తము

తలుపు గడియ వేసితిమా, లేదా అని రెండవసారి చూచుకొనుట లోకసహజము. చూచి వచ్చిన పిమ్మట మరల సందేహము కలిగి, పదిసారులు, ఇరువదిసారులు తిరిగి వెళ్ళవలసివచ్చినచో అది అలవాటు కాదు, రుగ్మత. వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు. ఇంటివారు మాత్రము 'చాదస్తము' అని నవ్వి ఊరకుందురు. పలువురకు ఈ రుగ్మతతో పరిచయము వైద్యగ్రంథములవలన గాక, కథలవలన, చలనచిత్రములవలన కలుగుచున్నది. కనుక అవి దీనిని ఎంత యథార్థముగా చూపుచున్నవో పరిశీలింపదగును.

ఈ రుగ్మతలో రెండు భాగములు కలవు. మొదటిది, తనకు ఇష్టము లేకున్నను మనస్సులోనికి పదేపదే చొరబడు ఆలోచన: చేతులకు మాలిన్యము అంటినదేమో, తన అజాగ్రత్తవలన ఇంటివారికి కీడు మూడునేమో అను భయము. రెండవది, ఆ భయమును చల్లార్చుటకై చేయు క్రియ: కడుగుట, సరిచూచుట, లెక్కించుట. క్రియ ముగియగానే భయము కొంత తగ్గును. ఆ ఊరటకు అలవాటుపడిన మనస్సు మరుసారి అదే క్రియను కోరును. ఈ విధముగా చక్రము తిరుగుచునే యుండును.

సాహిత్యములో ప్రసిద్ధికెక్కిన పాత్రలు పెక్కు ఈ కోవలోనివి కావు. 1851లో వెలువడిన మెల్విల్ నవల 'మోబీ డిక్'లోని నావికుడు ఏహబ్ తన కాలు కొరికివేసిన తిమింగలమును వేటాడుటకై ఓడను, జనులను బలిపెట్టును. అది ప్రతీకారదీక్ష, అతడు కోరి పెంచుకొన్నది. రోగియో, తన ఆలోచనను వదలించుకొనజాలక బాధపడును. షేక్స్పియర్ నాటకమున లేడీ మాక్బెత్ నిద్రలో నడచుచు లేని నెత్తుటిని కడుగుకొనును. ఆమె చేతులు రోగి చేతులవలెనే కనబడును గాని, ఆమెను దహించునది నిజముగా జరిగిన హత్య. రోగి ఏ నేరమును చేసియుండడు. ఈ భేదమును గుర్తింపనివారు, విడువక చేతులు కడుగువానిలో ఏదో రహస్యదోషము కలదని అనుమానింతురు.

చలనచిత్రమునకు మరియొక చిక్కు కలదు. కెమెరాకు చేతులు కనబడును గాని సందేహము కనబడదు. 1997నాటి అమెరికన్ చిత్రము 'యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్'లో జాక్ నికల్సన్ ధరించిన పాత్ర కొత్త సబ్బులను ఒకసారి వాడి పారవేయును. కాలిబాటలోని గీతలను తొక్కకుండ నడచును. ప్రేక్షకులు నవ్వుదురు. అయితే అతనికి మందు అవసరమని ఆ చిత్రము అంగీకరించుట మెచ్చదగినది. 2017లో మారుతి దర్శకత్వమున వచ్చిన 'మహానుభావుడు'లో శర్వానంద్ పాత్రకు అతిశుభ్రతయే రుగ్మత. ఇట్టి బాధను కథానాయకునికే కల్పించుట తెలుగు తెరపై సాహసమే. కాని కథ హాస్యముతో సాగి, ప్రేమయే ఔషధమన్నట్లు ముగియును. ఎదుటివారి అసౌకర్యము తెలిసినంతగా, అతని లోపలి భయము ప్రేక్షకునికి తెలియదు.

2004లో స్కోర్సేజీ తీసిన 'ది ఏవియేటర్' ఈ లోపమును కొంతవరకు దాటినది. విమాననిర్మాత హోవర్డ్ హ్యూస్ చేతులు కడుగుకొని, తలుపు పిడిని ముట్టుకొనలేక, మరియొకరు వచ్చి తలుపు తెరచువరకు అచ్చటనే నిలిచిపోవును. ఆ దృశ్యమున నవ్వుటకేమియు లేదు. విమానములను నడిపిన ధైర్యశాలికి తలుపు పిడి దాటరాని కొండయైనది. తెలివి, ధైర్యము ఉన్నంతమాత్రమున ఈ రుగ్మత తొలగదను సత్యమును ఆ ఒక్క దృశ్యమే బోధించును.

చికిత్స విషయముననే కథలు ఎక్కువగా తప్పుదారి పట్టించుచున్నవి. తెరపై రోగి ఒక్క గంతులో భయమును జయించును. వాస్తవమున చికిత్స మెట్టుమెట్టుగా సాగును. రోగి తన సమ్మతితో భయకారణమును కొద్దికొద్దిగా సమీపించి, అలవాటైన క్రియను చేయక నిగ్రహించుకొనవలెను. కడుగకున్నను భయము తానే తగ్గునని అనుభవమువలన నేర్చుకొనును. 1966లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులకు ఇట్టి చికిత్స చేసి ఫలితములను ప్రకటించెను. నాటినుండి ఈ పద్ధతి ఎంతో పెంపొందినది. కొందరికి మెదడులోని సెరొటోనిన్‌పై పనిచేయు మందులును తోడ్పడును. ప్రేమ రోగికి తోడుగా నిలువగలదు. చికిత్సకు బదులు కాజాలదు.

ఈ రుగ్మత తరచు బాల్యమునగాని, యౌవనారంభమునగాని తలయెత్తును. వ్రాసిన పంక్తినే మరల మరల చెరిపి వ్రాయుచు, పరీక్షకాలము చాలక బాధపడు విద్యార్థి సోమరి కాకపోవచ్చును. తరగతిలో నవ్వులపాలగుదునను సిగ్గుతో అతడు తన బాధను ఏండ్లతరబడి దాచుకొనవచ్చును. అట్టి విద్యార్థితో ఉపాధ్యాయుడు ఏకాంతమున మాటలాడి, తలిదండ్రులకు తెలిపి, మానసిక వైద్యునికడకు పంపినచో ఎంతో మేలు కలుగును. తెరపైని చేతులను చూచి నవ్విన ప్రేక్షకుడు, ఆ చేతులను కదలించు భయమును కూడ ఊహింపగలిగినప్పుడే ఆ చిత్రమును పూర్తిగా చూచినవాడగును.